ప్లేగు గుడిసెల్లో వంద కథలు

ఇటలీ దేశంలో ఆరువందల యేళ్ళ కిందట ఎవరో వంద కథలు రాశాడట. ఆ వందకూ కలిపి ఒక్కసారి ఉమ్మినా ఎక్కువేనని మా అత్త శివమ్మ తీర్పు చెప్పింది. మా అత్త తీర్పులు నాకు ఎన్నడూ నచ్చలేదు. నేను వండిన కూర మీద, నేను ఊడ్చిన వాకిలి మీద, నా పుట్టింటివాళ్ళ మీద ఆమె చెప్పినవన్నీ నాకు కంఠతా వచ్చు. ఈ ఒక్క తీర్పుకు మాత్రం నేనూ తలూపాను.

ఆ యేడు శంషాబాద్‌కు ప్లేగు వచ్చింది. యుద్ధం జరుగుతున్న రోజులవి. కందులు కోతకు వచ్చే వేళకు ఇళ్ళలో ఎలుకలు చచ్చి పడటం మొదలైంది. ఎలుక పడిందంటే ఇక ఆ ఇంట్లో పొయ్యి రాజేయకూడదు, మూటాముల్లే సర్దుకుని చేలల్లోకి పోవాలి. ఊరు ఊరంతా కదిలింది. మేము మంఖాల్ వైపు ఉన్న మా జొన్నచేలో కోసిన చొప్పతోనే తడకలు కట్టి రెండు గుడిసెలు వేసుకున్నాం. ఒకదాంట్లో అత్తామామలు, ఒకదాంట్లో నేనూ, నాలుగేళ్ళ నా బిడ్డ అనంతమ్మా. రాత్రి చలికి చొప్ప సందుల్లోంచి గాలి కోసేది. పగలు ఎండకు అదే చొప్ప ఎండి గరగరమనేది.

పక్క గుడిసె దుర్గవ్వది. దుర్గవ్వ ఊరికంతటికీ మంత్రసాని. శంషాబాద్‌లో సగం మంది మొహాలను మొదట చూసింది తానేననీ, చూసి సంతోషించదగ్గవి అందులో చాలా తక్కువనీ అంటుండేది.

నా పెనిమిటి మల్లేశ్వర్ పట్నంలో ఒక పెద్ద వకీలు దగ్గర పని నేర్చుకుంటున్నాడు. పండక్కో పబ్బానికో తప్ప రాని మనిషి. పట్నంలోనూ రోగం ముదిరేసరికి బూట్లేసుకుని, చేతిలో ఒక ట్రంకు పెట్టెతో చేను గట్ల మీద తూలుకుంటూ దిగాడు. వచ్చిన మూడో నాడు సూదిమందు డాక్టరు వచ్చాడు. ముసలీ ముతకా అందరూ ఎండలో వరుసగా నిలబడి సూదులు వేయించుకుంటుంటే, ఇంగ్లీషు చదివిన మా ఆయన కడుపునొప్పి అని గుడిసెలో ముసుగుతన్ని పడుకున్నాడు. మా మామ రామచంద్రయ్య వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. సూది గుచ్చేటప్పుడు కళ్ళు మూసుకున్నాడు. నా బిడ్డ మూసుకోలేదు.

ఆ ట్రంకు పెట్టెలోంచి తీశాడు ఆ పుస్తకం. ఇటుకంత లావు. లోకంలో చదువుకున్నవాళ్ళంతా నెత్తిన పెట్టుకునే పుస్తకమట. చేలల్లో మేము పొద్దు పోక కూర్చున్నాం కనుక మాకు కాస్త సంస్కారం నేర్పుతానన్నాడు. ఇంగ్లీషులో చదువుకుని, మాకు తెలుగులో చెబుతాడు. గ్యాసునూనె దొరకని రోజులు కనుక దీపం పెట్టుకుని చదివే వీలు లేదు, మిట్టమధ్యాహ్నమే కళ్ళంలో చాప వేయించాడు. దుర్గవ్వ వెంటనే అడ్డం పడింది. పగటిపూట కథ చెబితే మేనమామలు తొవ్వ తప్పుతారని మా దిక్కు నమ్మకం. ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూస్తే, కోర్టులో ఓడిపోయినవాడి వైపు గెలిచిన వకీలు ఇలాగే చూస్తాడేమో అనిపించింది.

మొదటి రోజు కథల కన్న ముందు కథ చెప్పాడు. అక్కడ ఒక పట్నానికి మనకు వచ్చినట్టే గజ్జల్లో చంకల్లో గడ్డలు లేచే రోగం వచ్చిందట. జనం పిట్టల్లా రాలిపోతుంటే, కలిగినింటి ఆడపిల్లలు ఏడుగురు, పడుచువాళ్ళు ముగ్గురు కలిసి ఊరు వదిలి తోటబంగళాకు పోయారట. అక్కడ పూలు పెట్టుకుని, పాటలు పాడుకుని, చెట్ల నీడన రోజుకు పది కథలు చెప్పుకున్నారట. అంతవరకూ చెప్పి తలెత్తి మా మొహాలు చూశాడు. మేము మురిసిపోతామనుకున్నాడు పాపం.

వాళ్ళకు వంటెవరు చేశారని దుర్గవ్వ అడిగింది. పనివాళ్ళు వెంట ఉన్నారన్నాడు. మరి ఆ పనివాళ్ళు చెప్పిన కథలేవంది. వాళ్ళు చెప్పలేదన్నాడు.

"పొయ్యికాడ కూసున్నోళ్లకే కథలొస్తయి కొడుకా," అంది దుర్గవ్వ. "తిని కూసున్నోళ్లను అడిగితే తేన్పులొస్తయి."

మా అత్త ప్రశ్న వేరు. ఆ పదిమంది తల్లులను, తండ్రులను ఎవరు చూసుకున్నారు, చచ్చినవాళ్ళను ఎవరు మోశారు అని అడిగింది. చాలామంది అప్పటికే చనిపోయారనీ, మిగిలినవాళ్ళను ఎవరికి వాళ్ళు వదిలేసి పోయారనీ ఏదో నీళ్ళు నమిలాడు. మా మామ ఆ నెలలోనే ముక్కుకు కర్పూరం గుడ్డ కట్టుకుని, తనకేమీ కాని వాళ్ళ పీనుగులను మోసి వచ్చాడు. మా అత్త ఆయన వైపు ఒకసారి, కొడుకు చేతిలోని పుస్తకం వైపు ఒకసారి చూసి, అప్పుడు చెప్పింది ఆ ఉమ్మి తీర్పు. మా మామ మాత్రం జనుము తాడు పేనుకుంటూ కూర్చున్నాడు.

తర్వాతి రోజుల్లో సన్నాసులు గోడలు దూకే కథలు, ముసలి మొగుళ్ళ కళ్ళు కప్పే పడుచు పెళ్ళాల కథలు వచ్చాయి. ఇవి చెప్పేటప్పుడు మా ఆయన గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి, మేము సిగ్గుతో చచ్చిపోతామన్నట్టు ఆగి ఆగి చెప్పేవాడు. సిగ్గా? నాట్ల కాడ ఆడవాళ్ళు చెప్పుకునే కథలు ఒక్కటి వింటే ఆ ఇటలీ సన్నాసులు కాశీకి పోయేవాళ్ళు. దుర్గవ్వ సగంలోనే ముగింపు చెప్పేసి ఆవలించేది. ఇదే కథ మన బుద్వేల్‌లో జరిగితే ఇంకా బాగుంటుందని చెప్పి, జరిగినట్టే చెప్పి, కళ్ళమంతా పడీ పడీ నవ్వేట్టు చేసేది. మా ఆయనకు మొహం మాడిపోయేది. మీకు రసం తెలవదని విసుక్కునేవాడు. గొప్పవాళ్ళు మెచ్చుకున్న కథను మంత్రసాని వెక్కిరించడమేమిటని ఆయన బాధ. పెద్దింటి పురుడు కూడా మంత్రసానే పోస్తుందని ఆయనకు ఎవరు చెప్పాలి?

ఒకనాటి పొద్దున బావి దగ్గర నీళ్ళు చేదుతుంటే వెనకాలే వచ్చి నిలబడ్డాడు. ఒక మాట చెప్పాలన్నాడు. అరటిపండు ఒలిచినంత సుళువుగా చెప్పాడు. వాళ్ళ వకీలుకు ఒక బిడ్డ ఉంది. ఇంగ్లీషు చదివింది. ఆ పిల్లను ఈయనకిచ్చి లగ్గం చేస్తానంటున్నాడు. చేసుకుంటే పట్నంలో ఈయన నిలదొక్కుకుంటాడు.

"మరి నేను?" అన్నాను.

"నీకేం తక్కువ చెయ్య. రావిర్యాల పోయి మీ అన్న కాడ ఉండు. ఐలయ్యకు కబురు పంపిన. ఆయన ముంగట, బాపు ముంగట నీకు ఇష్టమే అని ఒక్క మాట అంటే చాలు. పిల్ల ఈడనే ఉంటది. అది మా ఇంటి పిల్ల."

మొదటి భార్య తన నోటితో ఒప్పుకోకుంటే మావాళ్ళెవరూ రెండో లగ్గానికి పోయి అక్షింతలు వేయరు. అందుకు కావాలి నా మాట. నిజం చెప్పాలంటే మొగుడు పోతాడన్న దిగులు నాకు లేదు. చుట్టపుచూపుగా వచ్చే మొగుడు ఉంటే ఎంత, పోతే ఎంత? పిల్ల అనేసరికి మాత్రం చేద తాడు చేతిలోంచి జారి, బొక్కెన బావిలో పడిపోయింది. ఆయన దానివైపు చూడను కూడా లేదు.

"రేపొక కథ చెప్త," అన్నాడు వెళ్తూ వెళ్తూ. "పుస్తకంల ఆఖరిది. మంచిగ విను. నీకు పనికొస్తది."

మరునాడు చాప నేనే పరిచాను. అత్తకు ఆశ్చర్యమైంది. రోజూ పని వంకతో తప్పుకునేదాన్ని, ఆ రోజు ముందు వరసలో కూర్చున్నాను. పగటిపూట కథ చెబితే నా బిడ్డ మేనమామ తొవ్వ తప్పుతాడు కదా, తప్పనీ. రావిర్యాల నుంచి బయలుదేరినవాడు ఏ శ్రీశైలం తొవ్వో పట్టి అటే పోనీ. కష్టమొస్తే మనిషి ఎంతకు దిగజారుతుందో చూడండి, పదిరోజులు ఆ కథలను వెక్కిరించిన నేను ఆనాడు ఇంకా పొడుగ్గా చెప్పమని అడిగాను. ఆయన కళ్ళు మెరిశాయి. పెళ్ళానికి చివరికి రసం తెలిసిందనుకున్నాడు.

కథ ఇది. ఒక దొర బీదింటి పిల్లను చేసుకున్నాడట. ఏం చెప్పినా ఎదురు మాట్లాడనని పెళ్ళికి ముందే ఆమెతో ఒట్టు పెట్టించుకున్నాడట. బిడ్డ పుట్టగానే ఎత్తుకుపోయి చంపిస్తున్నానన్నాడట. ఆమె సరేనందట. కొడుకు పుడితే వాణ్ణీ ఎత్తుకుపోయాడట. ఆమె సరేనందట. ఏళ్ళు గడిచాక, కొత్త పెళ్ళాన్ని తెచ్చుకుంటున్నాను, ఒంటి మీది చీరతో పుట్టింటికి పొమ్మన్నాడట. పోయిందట. మళ్ళీ పిలిపించి, కొత్త పెళ్ళికూతురు వస్తోంది, ఇల్లు ఊడ్చి సర్దమన్నాడట. ఊడ్చి సర్దిందట. చివరకు ఆ దొర నవ్వి, ఇదంతా నీ ఓపికకు పరీక్ష, పిల్లలు బతికే ఉన్నారు, ఇక నువ్వే నా భార్యవు అన్నాడట. అందరూ సుఖంగా ఉన్నారట.

కళ్ళంలో ఆడవాళ్ళంతా ఏడ్చారు. పిల్లను ఎత్తుకుపోయిన దగ్గర మొదలుపెట్టి కొంగులు తడిసిపోయేలా ఏడ్చారు. మా ఆయన పుస్తకం మూసి ఛాతీ విరిచాడు. ఏడ్చారంటే మెచ్చారనే ఆయన లెక్క. కోపమొచ్చినా ఆడది ముందు ఏడుస్తుందన్న సంగతి ఏ పుస్తకంలోనూ రాయలేదు కాబోలు.

ముందుగా దుర్గవ్వ ముక్కు చీదింది. ఆ పిల్లలకు పాలెవరిచ్చారని అడిగింది. ఇంకొకామె, ఆ దొరకు ఆ రాత్రే అన్నంలో ఏదైనా కలపలేదా అని అడిగింది. అది ఓపిక గొప్పతనమనీ, ఆడదానికి ఓపికే సొమ్మనీ, వందల ఏళ్ళుగా లోకం ఆమెకు దండాలు పెడుతోందనీ మా ఆయన ఉపన్యాసం మొదలుపెట్టాడు. చెబుతూ చెబుతూ నావైపే చూశాడు.

అన్ని రోజుల్లో మొదటిసారి మా మామ తాడు పక్కన పెట్టాడు.

"ఆమె ఏం తప్పు చేసింది?"

"ఏం లేదు బాపు. పరీక్ష."

"ఎద్దును కొనేముందు పరీక్ష చేస్తం. పండ్లు చూస్తం, నడిపిస్తం. కొన్నంక ఏండ్లకేండ్లు ముల్లుగర్రతోని పొడుసుకుంట కూసుంటమా? గట్ల చేసేటోనికి ఎద్దునే ఇయ్యరు. పిల్లనెట్ల ఇచ్చిండ్రు?"

కళ్ళమంతా గొల్లుమంది. మా ఆయన పల్లెటూరి బుద్ధులని ఏదో గొణిగి పుస్తకం చంకన పెట్టుకుని లేచాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మా అత్త మాత్రం ఆ పూట నోరు మెదపలేదు. రాత్రి తినేటప్పుడు కూడా కూరను తిట్టలేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది. కొడుకు ఆమెకు ముందే చెప్పి ఉంటాడు, ఒప్పించి ఉంటాడు అనుకున్నాను.

మా అన్న ఐలయ్య తొవ్వ తప్పలేదు. మరునాడు పొద్దెక్కకముందే ఎద్దుబండి మీద తిన్నగా చేలోకి దిగాడు. నమ్మకాల మీద నాకున్న కాస్త నమ్మకమూ ఆ రోజుతో పోయింది. బండి దిగి నా కళ్ళల్లోకి చూడలేక కాసేపు ఎద్దులను చూశాడు, కాసేపు చెప్పులు చూసుకున్నాడు. రోషం వస్తుందేమో, బావ గల్లా పట్టుకుంటాడేమో అని లోపల ఎక్కడో ఆశపడ్డాను. మా అన్నకు రోషమా? చద్దన్నంలో వేడి వెతుక్కున్నట్టే.

"పోదాం పా చెల్లె," అన్నాడు. "బావ చదువుకున్నోడు. మనం కాదంటే ఆగుతదా?"

అందరూ గుడిసె ముందు కూర్చున్నారు. మా మామ, మా అన్న, కాస్త ఎడంగా దుర్గవ్వ. అత్త పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తోంది. అనంత ఆమె పక్కన పిండిముద్దతో ఆడుకుంటోంది. మా ఆయన నిలబడి, కోర్టులో మాట్లాడినట్టు, నా పేరెత్తి, కౌసల్య ఇష్టపూర్వకంగానే పుట్టింటికి పోతున్నదని, పిల్ల ఇక్కడే ఉంటుందని, ఆ మాట ఆమె నోటితోనే వినండని చెప్పాడు. తర్వాత నావైపు తిరిగి, చెప్పు అన్నాడు. ఓపిక, మంచితనం, కథలో విన్నావు కదా అన్నాడు.

"నాకు ఇష్టం లేదు," అన్నాను.

వినపడలేదేమో అనుకున్నట్టు మళ్ళీ అడిగాడు. నేను మళ్ళీ చెప్పలేదు. లేచి గట్టు దగ్గరికి పోయి మూడు రాళ్ళు ఏరుకొచ్చాను. మా పొయ్యికి కాస్త దూరంలో పెట్టి, గుప్పెడు చొప్ప వేసి, అత్త పొయ్యిలోంచి ఒక కొరివి తెచ్చి ముట్టించాను.

మా దిక్కు రివాజు అందరికీ తెలిసిందే. ఉమ్మడి ఇంట్లో ఎవరైనా వేరే పొయ్యి పెడితే వేరుపడ్డట్టు. ఇక ముసలివాళ్ళు ఏ పొయ్యి దగ్గర తింటే వాళ్ళ ఇల్లూ, వాళ్ళ భూమీ ఆ పొయ్యివి. కొడుకులు పెట్టిన పొయ్యిలు అందరూ చూశారు. కోడలు ఒంటరిగా పెట్టిన పొయ్యి శంషాబాద్‌లో ఎవరూ చూడలేదు. మా అన్న నోరు తెరిచాడు. మా ఆయన నవ్వాడు. తల్లీ తండ్రీ ఒక్కగానొక్క కొడుకును కాదని ఎక్కడికి పోతారని ఆయన ధీమా. నాకూ ఆ ధీమాయే భయం. జొన్న గటకకు ఎసరు కుండ పెట్టి, వీపు వాళ్ళవైపు పెట్టి కూర్చున్నాను. పొగ కళ్ళల్లోకి కొట్టింది. అనంతను ఒకసారి పిలవాలని ఉన్నా, పిలవకుండా పొయ్యిలోకి ఇంకాస్త చొప్ప ఎగదోశాను.

వెనక గాజుల చప్పుడైంది. మా అత్త. ఒక చేత్తో కాలుతున్న పెనం, ఇంకో చేత్తో నా బిడ్డ.

"గాలికెదురుగ పొయ్యి పెడ్తరా ఎవలన్న?" అంది. "ఇన్నేండ్లసంది చెప్తున్న, తెలివి రాదు నీకు. లే."

నన్ను పక్కకు నెట్టి, ఎసరు కుండ దించి, కర్రతో రాళ్ళను తోసి, పొయ్యి మొహం గాలి వాలుకు తిప్పింది. మంట లేచింది. పెనం పెట్టి, సగం కాలిన రొట్టెను తిరగేసింది.

"అవ్వా, ఏంది గటు పోయినవు?" అన్నాడు కొడుకు.

"వంటోళ్లు లేని బంగ్లకు పోయి కూసో కొడుకా," అంది తల్లి. తల కూడా తిప్పలేదు.

మా మామ మెల్లగా లేచి, చెంబుతో నీళ్ళు తీసుకుని చేతులు కడుక్కుని, తన కంచం తానే తెచ్చుకుని నా పొయ్యి ముందు కూర్చున్నాడు. నేను రొట్టె, పొద్దున వండి పెట్టిన కూర వడ్డించాను. మా అన్న కాసేపు అటూ ఇటూ చూసి, బావను ఒక్కణ్ణే నిలబెట్టి, వచ్చి మామ పక్కన కూర్చున్నాడు. తోడబుట్టినవాడు, ఏం చేస్తాం, వాడికీ పెట్టాను. దుర్గవ్వ పిలవకుండానే వచ్చి రొట్టె అందుకుంది. నా బిడ్డ వాళ్ళ నాయనమ్మ మోకాలి మీద కూర్చుని ఊదుకుంటూ తింది. నేను కంచాల మీదికి వంగి, ఎవరికీ కనపడకుండా, తృప్తిగా ఏడ్చాను.

కూర నోట్లో పెట్టుకుని మా అత్త మొహం చిట్లించింది. ఉప్పెక్కువైందంది. ఆ తిట్టు వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

మా మామ తినడం ముగించి చెయ్యి కడుక్కున్నాడు.

"ఐలయ్యా, తిన్నవు గద. ఇగ బండి కట్టు. ఉత్తగ పోకు. మావోన్ని ఉందానగర్ టేషన్ల దింపు."

మా ఆయన ఏదో అనబోయాడు. తండ్రి అప్పటికే తాడు చేతిలోకి తీసుకున్నాడు, ఇక ఆయన వినడని అందరికీ తెలుసు. ట్రంకు పెట్టె నేనే తెచ్చి బండిలో పెట్టాను. చెల్లెలికి ఒళ్ళు నొప్పులు కాకూడదని మా అన్న బండిలో మెత్తగా గడ్డి పరిచి, దాని మీద మా అమ్మ జంపఖానా వేసి తెచ్చాడు. మా ఆయన దాని మీదే కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. బండి గట్టు దాటింది.